మూడు వైపులకు జారే నీరు

గత శీతాకాలంలో ఒకనాడు తరగతిలో ఇబ్ను బతూతా యాత్రను గురించి చెబుతున్నాను. 1344లో ఆయన మాల్దీవుల నుండి సరందీబుకు, అంటే నేటి శ్రీలంకకు వచ్చి, ఆదం (అలైహిస్సలాం) పాదముద్ర ఉన్నదని ప్రజలు చెప్పుకునే కొండను ఎక్కారు. గోడకు శ్రీలంక పటం తగిలించి పిల్లలకు ఆ కొండను చూపించాను. దీవి నడుమ 2,524 మీటర్ల పిదురుతలగల, దానికి నైరుతిగా 2,243 మీటర్ల ఆదం శిఖరం. ఆ కొండల గుంపు నుండి గొడుగు ఊచల్లా అన్ని దిక్కులకూ దిగే నదులు. నైరుతి భాగమంతా తడి నేల. ఉత్తరాన, తూర్పున చెరువుల మీద ఆధారపడిన మెట్ట నేల. అంచున ఇసుక తిన్నెలు, ఉప్పునీటి కయ్యలు.

పన్నెండేళ్ళ పిల్లవాడొకడు లేచి నిలబడ్డాడు. "హజ్రత్, అంత చిన్న దీవిలో ఇన్ని రకాల నేలలున్నాయే! మన దగ్గర రాళ్ళూ బోర్లూ తప్ప ఏమున్నాయి?" అన్నాడు.

వాడిని తప్పు పట్టలేకపోయాను. ఆ వారమే మా మద్రసా బోరు ఎండిపోయింది. వుజూ చేసుకునే హౌజు అడుగు కనబడుతోంది. ట్యాంకరు నీటిని చెంబులతో కొలిచి పంచుతున్నాము. అయినా వాడి ప్రశ్నకు జవాబు చెప్పకుండా వదిలిపెట్టడం మనసుకు నచ్చలేదు. మరుసటి రోజు శ్రీలంక పటం పక్కనే పాత చిత్తూరు జిల్లా పటాన్ని తగిలించాను. 2022 ఏప్రిల్‌లో చేసిన జిల్లాల విభజనను కాసేపు పక్కన పెట్టండి. కొండలకూ వంకలకూ ఆ గీతలు తెలియవు.

ఆ పటంలో మొదట చూడవలసినది నీరు పోయే దిక్కు. మన సీమ గుండా కృష్ణ వంటి మహానది ఏదీ ప్రవహించదు. ఇక్కడ పడిన వాన మూడు వైపులకు జారిపోతుంది. మదనపల్లె వైపు పడినది బాహుదా, పింఛాల ద్వారా చెయ్యేరులో కలిసి పెన్నకు చేరుతుంది. పలమనేరు, కుప్పం వైపు పడినది కౌండిన్య నదిగానో, నేరుగానో పాలారులో కలిసి తమిళనాడుకు పోతుంది. చిత్తూరు పక్కన పారే నీవా నది కూడా చివరకు పాలారుదే. ఇక చంద్రగిరి కొండలలో పుట్టిన స్వర్ణముఖి తిరుపతి, శ్రీకాళహస్తి, నాయుడుపేటల మీదుగా తూర్పు సముద్రానికి వెళుతుంది. దానికి దక్షిణంగా అరణియారు, కాళంగి పులికాట్ సరస్సులోకి దిగుతాయి. సరందీబు నదులు అన్ని దిక్కులకు పోతే, మనవి మూడు దిక్కులకు పోతాయి, అంతే తేడా. అక్కడి మెట్ట నేలకు వాన తెచ్చే ఈశాన్య రుతుపవనమే మన తూర్పు మండలాలకూ వాన తెస్తుంది. అక్కడి పూర్వపు రాజులు పొలొన్నరువలో సముద్రమంత చెరువు కట్టిస్తే, ఇక్కడ మన పెద్దలు ఊరూరా గొలుసుకట్టు చెరువులు కట్టారు. పై చెరువు మొరవ పోతే ఆ నీరు కింది చెరువుకు చేరాలి. అదే ఆ ఏర్పాటులోని కిటుకు.

మా మద్రసా పలమనేరు వైపున, పీఠభూమి మీద ఉంది. చిత్తూరు పట్టణం సముద్ర మట్టానికి సుమారు వెయ్యి అడుగుల ఎత్తున ఉంటే, మొగిలి ఘాట్ ఎక్కి పలమనేరు చేరేసరికి రెండువేల రెండువందల అడుగులు దాటుతాము. గాలి చల్లబడుతుంది. మామిడి తోటలు పలచబడి టమోటా, మల్బరీ కనిపిస్తాయి. ఇంకా పైకి, మదనపల్లెకు ఆవల, హార్స్‌లీ కొండ నాలుగువేల అడుగులు మించుతుంది. కుప్పం దగ్గర చిగురుగుంట, బిసానత్తం గనులలో ఒకప్పుడు బంగారం తీశారు. కోలారు బంగారపు రాతిపట్టీయే దక్షిణంగా అక్కడి దాకా సాగింది.

అయితే ఈ పీఠభూమి కింద ఉన్నది కఠినమైన నల్లరాయి. అందులో నీరు నిలవడానికి చోటు లేదు. పైన చివికిన మట్టి పొరలోనూ, రాతి పగుళ్ళలోనూ మాత్రమే నిలుస్తుంది. మా తాతగారి కాలంలో బావులు తవ్వితే ఆ పై పొరలోనే నీరు అందేది. ఆ పొరను మనం ఎప్పుడో ఖాళీ చేశాము. ఇప్పుడు వెయ్యి అడుగులు దించే బోర్లు పగులు కోసం గుడ్డిగా వెతుకుతున్నాయి. పగులు తగిలితే నీరు, తగలకపోతే అప్పు. 2025 ఆగస్టులో హంద్రీ-నీవా కాలువ గుండా కృష్ణా నీరు కుప్పం దాకా వచ్చింది. అది సంతోషించవలసిన విషయమే. కానీ కాలువ ప్రతి ఊరికీ రాదు, ఊరి చెరువు మాత్రం ఊరిలోనే ఉంది.

పాలారు విషయంలో నా మనసు రెండుగా చీలుతుంది. నేను చదువుకున్నది వేలూరులోని బాకియాతుస్ సాలిహాత్‌లో. అక్కడి వంతెన మీద నిలబడి, నీరు లేని పాలారు ఇసుకను ఎన్నో సాయంకాలాలు చూశాను. వాణియంబాడి, ఆంబూరు తోళ్ళ పరిశ్రమ మురుగు ఆ నదిని ఎంత పాడు చేసిందో కూడా చూశాను. ఆ పరిశ్రమలో మనవాళ్ళే ఎక్కువమంది ఉన్నారు గనుక ఈ మాట దాచకూడదు. అప్పట్లో, పైనున్న ఆంధ్రావాళ్ళు నీరు ఆపేస్తున్నారని సహాధ్యాయులు అంటే తల ఊపేవాడిని. ఇప్పుడు పైన ఉండి చెక్‌డ్యాము కావాలని అడుగుతున్నాను.

పీఠభూమి నుండి కిందికి దిగే కనుమలు చరిత్రను కూడా నడిపించాయి. 1740లో ఆర్కాటు నవాబు దోస్త్ అలీ ఖాన్ దామలచెరువు కనుమ దగ్గర మరాఠా సేనలను అడ్డుకోబోయి ప్రాణాలు కోల్పోయాడు. పడమటి నుండి వచ్చే సేన మైదానానికి దిగాలంటే ఇటువంటి ఇరుకు దారులే గతి. నేడు ఆ ప్రాంతం మామిడికి పేరు పొందింది.

తిరుపతి చేరితే దృశ్యం మారిపోతుంది. పట్టణం నుండి ఉత్తరానికి చూస్తే ఎర్రటి నిట్టనిలువు రాతి గోడ కనబడుతుంది. ఆ కొండ కోట్లాది హైందవ సోదరులకు పవిత్ర క్షేత్రం. నేను చెప్పేది దాని రాళ్ళ సంగతి మాత్రమే. ఘాట్ రోడ్డు పక్కన ఒకచోట అడుగున గ్రానైటు, దాని మీద పొరలు పొరలుగా క్వార్ట్‌జైటు కనిపిస్తాయి. రెండూ ఒకదానినొకటి తాకుతున్నట్లే ఉంటాయి. వాటి వయసుల మధ్య మాత్రం సుమారు ఎనభై కోట్ల సంవత్సరాల ఎడం ఉంది. అంత కాలపు రాతి పుట ఏదీ అక్కడ మిగలలేదు. దీనిని 1872లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త వివరించారు. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ దీనిని జాతీయ భూగర్భ స్మారకంగా గుర్తించింది. 2025లో తిరుమల కొండలు యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరాయి. కొండలలోని తెలుపు, ఎరుపు, నలుపు చారలను గమనించమని సూరా ఫాతిర్‌లో ఉన్నది చదివిన పిల్లలు, ఆ గోడను చూసి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నేను వ్యాఖ్యానమేమీ చేయలేదు.

పైనున్న ఆ క్వార్ట్‌జైటు పగుళ్ళ నిండా ఉంటుంది. వాన నీరు వాటిలోకి దిగి, కొండ పాదంలో ఊటలుగా, లోయలలో జలపాతాలుగా బయటపడుతుంది. తలకోనలో 270 అడుగుల నుండి పడే నీరు ఆ కొండలదే. ఎర్రచందనం మొండిగా పెరిగేది కూడా ఆ రాతి వాలుల మీదనే.

2021 నవంబరును తిరుపతివాసులు మరచిపోలేరు. వాయుగుండం వానలకు స్వర్ణముఖి పొంగింది. రాయలచెరువు కట్ట లీకై కింది ఊళ్ళవాళ్ళు ఇళ్ళు వదిలి వెళ్ళారు. నవంబరు 19న చెయ్యేటి మీది అన్నమయ్య జలాశయం కట్ట తెగి, ఊళ్ళు కొట్టుకుపోయి ప్రాణాలు పోయాయి. ఆ నేల మీద రెండు రోజులలో పడిన నీరది. వంకలు పూడి, వాటి మీద ఇళ్ళు లేచిన చోట నీరు ఏ దారిన పోవాలి?

పెద్ద పిల్లలను తీసుకుని జనవరిలో సూళ్ళూరుపేట వెళ్ళాము. నేలపట్టులో చెట్ల మీద గూడబాతుల గూళ్ళు, పులికాట్ నీటిలో గులాబీ రంగు చారలా ఫ్లెమింగోలు. దేశంలో చిలికా తరువాత ఇంత పెద్ద ఉప్పునీటి కయ్య ఇదే. దీనికీ సముద్రానికీ మధ్య అడ్డుగోడ లాంటి దీవి శ్రీహరికోట. రాకెట్ కేంద్రం వచ్చేటప్పుడు అక్కడి యానాదులు తమ ఊళ్ళు వదలవలసి వచ్చింది. భీములవారిపాలెం రేవులో పడవ ఎక్కి ఇరకం దీవికి వెళ్ళాము. దీవి అంటే చుట్టూ అగాధమైన నీరని పిల్లల ఊహ. పడవవాడు గడకర్రతో అడుగు నేలను తాకించి చూపించాడు. చాలాచోట్ల మోకాలు లోతు మించలేదు.

"ఇంకా తగ్గుతోంది సామీ," అన్నాడతడు. సముద్రపు ముఖద్వారాలు ఇసుకతో పూడుకుపోతున్నాయి, పై నుండి వచ్చే ఏరులు మట్టి తెస్తున్నాయి. పోటు నీరు లోపలికి రాకపోతే రొయ్య రాదు, చేప రాదు. వేసవిలో ఉత్తర భాగం ఎండి తెల్లగా పగులుతుంది. పూడిక తీయాలన్న జాలర్ల కోరిక ఏళ్ళ నాటిది.

మొదట ప్రశ్న వేసిన పిల్లవాడు పడవ అంచున కూర్చుని నీటిలో చెయ్యి పెట్టి నాలుక మీద వేసుకున్నాడు. "ఉప్పగా ఉంది హజ్రత్. మన వంక నీళ్ళు కూడా ఇక్కడికే వస్తాయా?"

"రావు. మనవి గుడియాత్తం వైపు పోతాయి," అన్నాను.

"మన చెరువు నిండితే కదా పోయేది," అన్నాడు.

తిరిగి వచ్చాక వాడిని, మరి నలుగురిని వెంటబెట్టుకుని మా చెరువుకు నీరు తెచ్చే వంక పొడవునా నడిచాను. సగం దూరం సర్కారు తుమ్మ కంప, ఒకచోట ఎవరో మట్టి తోలి చదును చేసిన ప్లాట్లు, ఒకచోట మా మద్రసా ప్రహరీ గోడ మూల కూడా వంక గట్టు మీదికి జరిగి ఉంది. ఆ గోడ కట్టించేటప్పుడు నేనే దగ్గరుండి కట్టించాను. కమిటీ పెద్దలతో మాట్లాడాము. ఈశాన్య వానలకు ముందే ఆ మూల కొట్టి వెనక్కి కట్టాలని నిర్ణయమయింది. కంప కొట్టే పని ఊరి రైతులతో కలిసి వచ్చే జుమా తరువాత మొదలవుతుంది.