రాలిన వెంట్రుక చెప్పే పాత కబురు

మొన్న ఆదివారం మా పెద్ద మనవరాలు తలంటు పోసుకుని అరుగు మీద జుట్టు ఆరబెట్టుకుంటోంది. కాసేపటికి దువ్వెనకు చుట్టుకున్న జుట్టంతా ఉండ చేసి తెచ్చి నా ముందు పెట్టింది. కళ్ళనిండా నీళ్ళు.

"చూడు తాతయ్యా! థైరాయిడ్ బిళ్ళ మొదలుపెట్టి రెండు నెలలైంది. అప్పట్నుంచే ఇలా ఊడుతోంది. రేపట్నుంచి మానేస్తాను."

"మానెయ్యకు తల్లీ. ముందు ఇందులోంచి ఒక్క వెంట్రుక తీసి దాని మొదలు చూడు" అన్నాను.

వెలుతురులో పట్టుకుని చూసింది. చివర సూదిమొనంత తెల్లటి బుడిపె. "వేరుతో సహా వచ్చేసింది!" అని బెంబేలెత్తింది. అది వేరు కాదు. వెంట్రుక పెరగడం ఆపి విశ్రాంతిలోకి వెళ్ళినప్పుడు దాని అడుగున అలా బుడిపె కడుతుంది. అసలు కుదురు చర్మంలోనే భద్రంగా ఉంది, అక్కణ్ణుంచే మళ్ళీ మొలుస్తుంది.

మన తల మీద సుమారు లక్ష వెంట్రుకలుంటాయి. దేని గడియారం దానిదే. ఒక్కో వెంట్రుక రెండు నుంచి ఆరేళ్ళ పాటు, నెలకు ఒక సెంటీమీటరు చొప్పున పెరుగుతుంది. తర్వాత రెండు మూడు వారాల్లో పెరుగుదల ముగించుకుని, ఓ మూడు నెలలు ఊరికే ఉండి, రాలిపోతుంది. ఒకరి జడ నడుము దాకా వస్తుంది, ఇంకొకరికి ఎంత పెంచినా భుజం దాటదు. పెరిగే కాలం ఒక్కొక్కరికి ఒక్కోలా ఉండటమే దానికి ముఖ్యకారణం. మామూలుగా నూటికి ఎనభై అయిదు, తొంభై వెంట్రుకలు పెరుగుతూనే ఉంటాయి కాబట్టి రోజుకు యాభై, వంద రాలినా మనకు తెలియదు.

ఇక గొంతు దగ్గరుండే థైరాయిడ్ గ్రంథి సంగతి. ఒంట్లో పనులన్నీ ఏ వేగంతో జరగాలో చెప్పేది దాని హార్మోనే. కుదురులోని కణాలు ఒంట్లోకెల్లా చురుగ్గా విభజన చెందేవాటిలో ఉన్నాయి. హార్మోను తగ్గితే పెరుగుతున్న వెంట్రుకలు వేళ కాకుండానే విశ్రాంతిలోకి జారుకుంటాయి, విశ్రాంతిలో ఉన్నవి ఓ పట్టాన మేలుకోవు. జుట్టు పొడిబారి పలచబడుతుంది, కొందరికి కనుబొమల బయటి కొసలు కూడా రాలతాయి. హార్మోను ఎక్కువైనా జుట్టు ఊడుతుంది.

నా మనవరాలు తికమకపడింది ఇక్కడే. ఇవాళ రాలిన వెంట్రుక పెరగడం మానేసింది ఇవాళ కాదు, మూడు నెలల కిందట. అప్పటికి బిళ్ళ ఇంకా మొదలే కాలేదు. పైగా బిళ్ళ పనిచెయ్యడం మొదలై కుదుళ్ళు మేలుకుంటే, కొత్తది మొలుస్తూ అందులో ఉన్న పాతదాన్ని వదిలించేస్తుంది. మాఘ ఫాల్గుణాల్లో మన పెరటి వేపచెట్టును చూడండి, ఓ పక్క ఆకు రాలుతూనే ఇంకో పక్క చిగురు తొడుగుతుంది. పురుడైన మూడో నెలలో బాలింతల జుట్టు ఊడటం, టైఫాయిడో డెంగీయో తగ్గాక రెండు మూడు నెలలకు ఊడటం, అన్నిటికీ లెక్క ఇదే.

ఆ బిళ్ళలోని మందు కూడా పరాయిది కాదు. 1891లో ఇంగ్లండులోని న్యూకాజిల్‌లో జార్జ్ ముర్రే అనే డాక్టరు, గ్రంథి పనిచెయ్యక జబ్బుపడిన ఒకావిడకు గొర్రె థైరాయిడ్ రసం ఇంజెక్షన్‌గా ఇస్తే ఆవిడ కోలుకుని ఇంకో ఇరవై ఎనిమిదేళ్ళు బతికింది. ఆ రసంలోని అసలు సరుకును 1914 క్రిస్మస్ రోజున అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఎడ్వర్డ్ కెండాల్ స్ఫటికాలుగా వేరుచేశాడు. అదే థైరాక్సిన్. 1927లో బ్రిటన్‌లో హారింగ్టన్, బార్జర్ దాన్ని ప్రయోగశాలలో తయారుచేశారు. మన గ్రంథి చేసేదీ, బిళ్ళలో ఉండేదీ ఒకే పదార్థం. అయితే మోతాదు మించినా జుట్టు ఊడుతుంది కనుక, మొదలుపెట్టాక ఆరు నుంచి ఎనిమిది వారాలకు, థైరాయిడ్ పనితీరు తెలిపే టీఎస్‌హెచ్ పరీక్ష చేయిస్తారు. ఒంట్లో థైరాక్సిన్ సగం తగ్గడానికే వారం పడుతుంది, అది నిలకడకు రావాలంటే అంత వ్యవధి కావాలి.

"సరే, బిళ్ళ ఎలా వేసుకుంటున్నావు?" అని అడిగాను.

"పొద్దున్నే కాఫీతో. దాంతోపాటే ఐరన్ బిళ్ళ, జుట్టు బిళ్ళ."

నాకు గుండె కలుక్కుమంది. కాఫీ ఆ మందును ఒంటికి సరిగా పట్టనివ్వదు, బిళ్ళ వేసుకున్నాక అరగంట నుంచి గంట ఆగాలి. ఐరన్, కాల్షియం బిళ్ళలకైతే నాలుగు గంటల ఎడం ఉండాలి. అలాగని ఐరన్ మానకూడదు. థైరాయిడ్ తగ్గిన ఆడపిల్లలకు నెలసరిలో రక్తం ఎక్కువ పోవచ్చు, దాంతో ఇనుము నిల్వలు కరుగుతాయి. ఇనుము తగ్గడం కూడా జుట్టు రాలడానికి ఒక కారణమే. అందుకే ఇనుము నిల్వలు తెలిపే ఫెరిటిన్ పరీక్ష గురించి డాక్టరుగారిని అడగమన్నాను.

జుట్టు బిళ్ళ డబ్బా తిప్పి చూశాను. బయోటిన్ పదివేల మైక్రోగ్రాములు! మనిషికి రోజుకు కావలసింది ముప్ఫై. చాలా ల్యాబుల్లో థైరాయిడ్ పరీక్ష జరిగే పద్ధతిలోనే బయోటిన్‌ను వాడతారు. రక్తంలో అది మోయనంత ఉంటే టీఎస్‌హెచ్ ఉన్నదానికన్నా తక్కువగా, టీ4 (థైరాక్సిన్) ఎక్కువగా కనిపించవచ్చు. అది చూసి మందు ఎక్కువైందనుకుని డాక్టరు మోతాదు తగ్గిస్తే, తక్కువున్న హార్మోను ఇంకా తగ్గుతుంది. జుట్టు కోసం మింగింది జుట్టుకే చేటు తెస్తుంది. పరీక్షకు కనీసం రెండు రోజుల ముందే దాన్ని ఆపాలి, ల్యాబులోనూ డాక్టరుకూ ఆ మాట చెప్పాలి.

తల అంతటా పలచబడకుండా రూపాయి బిళ్ళలా అక్కడక్కడ నున్నగా ఊడితే అది వేరే జబ్బు. దాన్ని పేనుకొరుకుడు అంటారు కానీ ఏ పేనూ కొరకదు, మన రక్షణకణాలే కుదుళ్ళ మీద పడతాయి. థైరాయిడ్ గ్రంథి మీద కూడా అలాగే పడటం వల్ల చాలామందికి ఆ గ్రంథి దెబ్బతింటుంది, అందుకే ఈ రెండూ ఒకే మనిషిలో కనబడుతుంటాయి. దానికీ, వంశపారంపర్యంగా పాపిట వెడల్పవడానికీ థైరాయిడ్ బిళ్ళ ఒక్కటే చాలదు, చర్మవైద్యుల్ని చూడాలి.

హార్మోను దారిలో పడ్డాక జుట్టు మునుపటిలా ఒత్తు కావడానికి ఆరు నెలలు, ఒక్కోసారి ఏడాది పడుతుందని చెబితే పిల్ల మొహం మళ్ళీ వాడిపోయింది. అద్దం ముందు ఎండ పడే చోట కూర్చోబెట్టి పాపిట తీశాను. నుదుటి దగ్గర గోరంత పొడుగున, సన్నగా, నిటారుగా కొత్త వెంట్రుకలు. వేలితో తడిమి చూసుకుంది, మళ్ళీ మళ్ళీ తడుముకుంది. మర్నాడు పొద్దున్నే వంటింట్లోంచి, "అమ్మమ్మా, నాకు కాఫీ గంట ఆగి ఇవ్వు" అనడం వినబడింది.