కారం కాదు.. కారణం వేరే!

చిల్పూర్‌లో ఉండే అమ్మకు ఫోన్‌ చేస్తారు. ‘కడుపుల మంట బిడ్డా, గ్యాస్‌ గోలీ ఏసుకుంటే తక్కువైంది’ అంటుంది. ‘కారం తగ్గించమ్మా’ అని మీరూ ఊరుకుంటారు. కానీ ఆ మంట వారాల తరబడి వస్తూ పోతూ ఉంటే అడగాల్సిన ప్రశ్న వేరే. ‘ఒళ్లు నొప్పులకు ఏ గోలీ వేసుకుంటున్నావు?’

జీర్ణాశయం లేదా చిన్నపేగు మొదటి భాగంలో లోపలి పొర దెబ్బతిని పుండు పడటమే అల్సర్‌. దీనికి ప్రధాన కారణాలు రెండు.

బ్యాక్టీరియా: ఒత్తిడి, ఆమ్లాలే అల్సర్‌కు మూలమని నమ్మే రోజులవి. 1984లో ఆస్ట్రేలియా వైద్యుడు బ్యారీ మార్షల్‌ హెలికోబ్యాక్టర్‌ పైలోరీ బ్యాక్టీరియాను తానే తాగారు. కొద్దిరోజుల్లోనే జీర్ణాశయం వాచింది. దీన్ని కనుగొన్నందుకు ఆయనకు, రాబిన్‌ వారెన్‌కు 2005లో నోబెల్‌ బహుమతి దక్కింది.

నొప్పి మాత్రలు: నాట్లప్పుడు, పత్తి ఏరేటప్పుడు నడుము నొప్పికి తెచ్చుకునే డైక్లోఫెనాక్‌, ఐబుప్రొఫెన్‌ వంటివి జీర్ణాశయ రక్షణ పొరను దెబ్బతీస్తాయి. వయసు మీద పడినవారికి ముప్పు మరింత ఎక్కువ.

కారం మంటను పెంచొచ్చు గానీ పుండును పుట్టించదు. పొగ, మద్యం మాత్రం పుండును మాననివ్వవు.

చికిత్స ఏమిటి?

గ్యాస్‌ గోలీ ఆమ్లాన్ని తగ్గిస్తుంది. బ్యాక్టీరియాను చంపదు. అందుకే శ్వాస, మల పరీక్షలతో గానీ ఎండోస్కోపీతో గానీ కారణం తేల్చుకోవాలి. బ్యాక్టీరియా ఉంటే ఆమ్లాన్ని తగ్గించే మందుతో పాటు యాంటీబయాటిక్స్‌ ఇస్తారు. సాధారణంగా 14 రోజులు వాడాలి. మంట తగ్గిందని మధ్యలో ఆపొద్దు. కోర్సు ముగిశాక కనీసం 4 వారాలకు మళ్లీ పరీక్ష చేయించి, బ్యాక్టీరియా పోయిందో లేదో నిర్ధారించుకోవాలి. నొప్పి మాత్రలే కారణమైతే డాక్టర్‌ సలహాతో వాటిని మార్చుకోవాలి. గుండె జబ్బుకు వాడే ఆస్పిరిన్‌ను మాత్రం సొంతంగా మానెయ్యొద్దు.

ఆలస్యం వద్దు

మలం తారులా నల్లగా, జిగటగా రావటం, వాంతిలో రక్తం లేదా కాఫీపొడి లాంటి పదార్థం పడటం, ఉన్నట్టుండి భరించలేని కడుపు నొప్పి.. ఇవి పుండు నుంచి రక్తం పోతోందనో, పేగుకు రంధ్రం పడిందనో చెప్పే సంకేతాలు. తెల్లారేదాకా ఆగకుండా 108కు ఫోన్‌ చేయండి. కారణం లేకుండా బరువు తగ్గుతున్నా, రక్తహీనత ఉన్నా ఎండోస్కోపీ తప్పనిసరి.

మలం రంగు గురించి పెద్దవాళ్లు సిగ్గుపడి తమంతట తాము చెప్పరు. ఈసారి ఫోన్‌ చేసినప్పుడు మీరే అడగండి.