చుట్టుదారి విమానయానము

చుట్టుదారి మన జిల్లాలవారికి క్రొత్తది కాదు. ఆదిలాబాదులో రైలెక్కి హైదరాబాదునకు బయలుదేరినవాడు మొదట దక్షిణమునకు పోడు. బండి కిన్వటు మీదుగా మహారాష్ట్రమున ముద్ఖేడు వరకు పోయి, అచ్చట మలుపు తిరిగి, బాసర కడ గోదావరి దాటి, నిజామాబాదు మీదుగా రాజధాని చేరును. రోడ్డున 300 కిలోమీటర్ల దారికి ఇంత చుట్టేల యన్నచో, పట్టాలు అట్లు పరచియున్నవి గనుక అని పిల్లవాడైనను చెప్పగలడు. అయితే ఆకాశమున పట్టాలు లేవే, విమానమెందులకు చుట్టు తిరుగవలెనని మా యూరి పెద్దలు పలుమారు నన్నడిగిరి. వారికి చెప్పిన జవాబునే నేడు శ్రోతలకును విన్నవించుచున్నాను.

2024 వేసవిలో మా కుటుంబము మారిషసు ద్వీపమునకు పోయి వచ్చినది. మాది జగిత్యాల ప్రాంతము. నేను, నా భార్య, చిన్న కోడలు, ఇద్దరు మనుమలు ఇచ్చటినుండి బయలుదేరితిమి. మారిషసు మనకు నైరుతి దిక్కున, హిందూ మహాసముద్రమున, భూమధ్యరేఖకు ఆవలనున్నది. హైదరాబాదునుండి గీత గీసినట్లు పోగలిగినచో సుమారు 4,760 కిలోమీటర్లు. మేము అట్లు పోలేదు. శంషాబాదున విమానమెక్కి మొదట వాయవ్యముగా దుబాయికి 2,550 కిలోమీటర్లు పోయి, అచ్చట వేరు విమానమెక్కి తిన్నగా దక్షిణమునకు 5,080 కిలోమీటర్లు దిగితిమి. మొత్తము 7,600 కిలోమీటర్లకు పైబడినది. నేరుదారికంటె ఇది ఒకటిన్నర రెట్లకు మించిన దూరము. "గింత దూరం తిరుగుడెందుకు సారూ, పైసలెక్కువైనయా?" అని ఒక పెద్దమనిషి నన్ను పరిహసించెను.

ఆకాశమున పట్టాలు లేకపోయినను గట్లు కలవు. 1944 డిసెంబరు 7వ తేదీన అమెరికాలోని చికాగో నగరమున దేశములు కూడి చేసికొన్న ఒడంబడికలో మొట్టమొదటి మాట యిది: ఏ దేశపు నేలపైనున్న ఆకాశము ఆ దేశమునదే. అనగా పొలముతోబాటు పొలముమీది గాలికిని హద్దురాళ్లు పాతినట్లైనది. పరదేశపు విమానము మన నేలపై దిగి, మన ప్రయాణికులను ఎక్కించుకొనవలెనన్నచో రెండు ప్రభుత్వముల నడుమ ఒప్పందముండవలెను. ఏ పట్టణమునుండి, వారమునకు ఎన్ని ఆసనములని లెక్క కూడ అందులో వ్రాసికొందురు.

ఇప్పుడు దుబాయి విమానముల సంగతి చూడుడు. వారికి మనతో నొక ఒప్పందము, మారిషసుతో వేరొక ఒప్పందము కలవు. మొదటిదానిచే హైదరాబాదునుండి తమ యూరికి మనుష్యులను కొనిపోవచ్చును; రెండవదానిచే తమ యూరినుండి మారిషసునకు చేర్చవచ్చును. రెండింటిని ముడివేసిననే మాబోటివారికి దారి యేర్పడును. ఆ ముడి దుబాయిలోనే పడవలెను. హైదరాబాదున మమ్ము నెక్కించుకొని నేరుగా మారిషసున దింపు హక్కు ఆ విమానమునకు లేదు. మేము చుట్టు తిరుగుటకు ఇది యొక కారణము.

రెండవ కారణము జనసంఖ్య. పెద్ద విమానము ఎగురవలెనన్నచో కొన్ని వందలమంది కావలెను. ఒక్క హైదరాబాదునుండి దినదినము మారిషసునకు పోవువా రంతమంది యుండరు. మన గొలుసుకట్టు చెరువులను తలచుకొనుడు. ఒక్కొక్క వాగు సన్నగా పారినను అన్నియు ఒక చెరువున కూడినప్పుడు తూము తెరచి మడులన్నిటికి నీరు వదలవచ్చును. దుబాయి, దోహా, అబుదాబి అట్టి చెరువులు. హైదరాబాదు, లండను, మాస్కోలనుండి వచ్చిన కొందరు కొందరు అచ్చట కూడి, ఒక్క విమానము నిండి, మారిషసు దారి పట్టుదురు. మేమెక్కిన రెండవ విమానము రెండంతస్తులది. దానిలో తెలుగు మాటలాడువారు మేముగాక ఇద్దరు ముగ్గురే కనబడిరి.

టిక్కెట్టు వెల దూరమును బట్టి యుండునని మన పెద్దలు తలంతురు. బస్సులో అది నిజము. విమానమున ఆసనము ఖాళీగా పోవునేమోయను భయమును బట్టి వెల పెరుగును, తరుగును. కావున చుట్టుదారి చవుకై నేరుదారి ప్రియమగుట అరుదు కాదు.

అమెరికాలో పిల్లలున్నవారికి వేరొక మాట చెప్పవలెను. పటము మీద చూచినచో డల్లాసునకు దుబాయి మీదుగా పోవుట పెద్ద చుట్టువలె తోచును. పటము బల్లపరుపు, భూమి గుండ్రము. ఒక గుమ్మడికాయపై రెండు చోట్ల గుర్తులు పెట్టి దారము బిగించి చూచినచో కురుచదారి తెలియును. హైదరాబాదు డల్లాసుల నడుమ ఆ దారము ఉత్తరధ్రువమునకు చేరువగా పోవును. పొడవు సుమారు 14,400 కిలోమీటర్లు. దుబాయి మీదుగా 15,500. కంటికి చుట్టుగా తోచిన దారి పదియవ పాలైనను పెరుగలేదు. మారిషసు దారియే నిజమైన చుట్టు.

ఒక్కొకప్పుడు గట్టు గోడయై లేచును. 2017 జూనులో సౌదీ అరేబియా, ఎమిరేట్సు, బహ్రయిను, ఈజిప్టు దేశములు కతారుతో సంబంధములు తెంచుకొన్నవి. ఒక గంటలో పోదగిన దుబాయి దోహాల నడుమ విమానములు నిలిచిపోయినవి. 2021 జనవరి వరకు అదే స్థితి. మా ప్రాంతమున అన్న దుబాయిలోను తమ్ముడు దోహాలోను పనిచేయు ఇండ్లు కలవు. ఒకరినొకరు చూడవలెనన్నచో మస్కటునకో కువైటునకో పోయి విమానము మారవలసి వచ్చెను. 2019లో పాకిస్తాను తన ఆకాశమును ఫిబ్రవరి చివరినుండి జూలై నడుమ వరకు చాలవరకు మూసినప్పుడు ఢిల్లీనుండి ఐరోపాకు పోవు విమానములు దక్షిణముగా అరబ్బు సముద్రమువైపు తిరిగిపోయినవి. 2025 ఏప్రిలులో మన విమానములకు ఆ దారి మరల మూతబడెను. చుట్టు తిరిగినకొలది నూనె ఖర్చు పెరుగును. అది తుదకు టిక్కెట్టుపైననే పడును.

ఇక మేము ఈ దారినే యేల కోరితిమో చెప్పెదను. బొంబాయి మీదుగా పోయినచో దూరము 5,300 కిలోమీటర్లతో ముగియును. ఆ సంగతి మాకు తెలియును. కాని మా చిన్నవాడు దుబాయిలో విద్యుత్తు పనుల పర్యవేక్షకుడు. రెండేండ్లుగా ఇంటికి రాలేదు. ఆ యేడు వానికి దొరికిన సెలవు పది దినములు. ఇంటికి వచ్చినచో అందులో సగము బ్యాంకునకు, పట్టా పనులకు, బంధువుల శుభాశుభములకు చెల్లిపోవును. కరీంనగరు, జగిత్యాల, సిరిసిల్ల, నిర్మలు ప్రాంతముల గల్ఫు ఇండ్లవారికి ఈ బాధ నేను వివరింపనక్కరలేదు. "బాపూ, మీరే ఇటు రాండ్రి, అందరం కలిసి పోదాం" అని వాడే ఫోనులో అన్నాడు. వాడు దుబాయినుండి మారిషసునకు మాత్రము, మేమెక్కు విమానమునకే టిక్కెట్టు కొన్నాడు. మేము విమానాశ్రయము దాటి బయటికి పోలేదు గనుక మాకు దుబాయి వీసా పనిపడలేదు. వాడు తన పాసుపోర్టు తనిఖీ ముగించుకొని లోనికి వచ్చి, విమానమెక్కు ద్వారము కడ మమ్ము కలిసికొన్నాడు. చిన్న మనుమరాలు తండ్రిని ఫోను అద్దములో గుర్తుపట్టునుగాని ఎదుట నిలిచినవానిని చూచి నా భార్య కొంగు వెనుక దాగినది. ఆరున్నర గంటల ప్రయాణములో నాలుగు గంటలు గడచిన పిమ్మట వాని ఒడిలో నిద్రపోయినది. మేము అదనముగా తిరిగిన కిలోమీటర్లలో నాకు వ్యర్థమని తోచినది లేదు.

ఈ దారిన పోదలచువారు టిక్కెట్టు విషయమున జాగ్రత్త పడవలెను. హైదరాబాదునుండి గమ్యము వరకు రెండు విమానములకును ఒకే టిక్కెట్టు తీసికొనవలెను. అట్లైనచో శంషాబాదున ఇచ్చిన పెట్టెలు తుదివరకు వాటంతట అవియే చేరును. మొదటి విమానము ఆలసించి రెండవది తప్పినచో వేరొకదానిలో పంపు భారము ఆ కంపెనీదే. మా పొరుగూరి గృహస్థు ఒకరు చవుకయని రెండు వేరు టిక్కెట్లు కొన్నారు. మొదటి విమానము మూడు గంటలు ఆలసించినది. రెండవ కంపెనీవారికి ఆ ఆలస్యముతో నిమిత్తము లేదు. పెట్టెలు తీసికొనుటకు బయటికి పోవలెనన్న వీసా లేదు. ముసలి తల్లితో ఒక రాత్రియంతయు కుర్చీలలో గడపి, మరల పూర్తి వెలకు టిక్కెట్టు కొనవలసి వచ్చెను.

మూటలో ఏమి కట్టవలెనను మాట ముఖ్యముగా ఆడవారు వినవలెను. గసగసాలు మనకు వంటదినుసు. ఎమిరేట్సు దేశమున అవి నిషిద్ధము. అవి నల్లమందు మొక్క గింజలు గనుక అచ్చటి చట్టము వాటిని మాదకద్రవ్యములతో చేర్చినది. మసాలా పొడిలో కలిసియున్నను చిక్కు రావచ్చును. బయటికి పోనివారు కూడ ఆ విమానాశ్రయపు తనిఖీలకు లోబడినవారే. నొప్పులకును దగ్గుకును వాడు కొన్ని మందులకు కూడ ఇట్టి కట్టడి కలదు. వైద్యుని చీటి, మందు పెట్టె విడదీయక వెంట నుంచుకొనవలెను. గింజలు, పండ్లు, మొక్కలు మారిషసువారు ఊరక రానీయరు.

పదవ తరగతి చదువనివారి పాసుపోర్టుపై వలసల తనిఖీ ముద్ర యుండును. అది చూచి కొందరు వృద్ధులు జంకుదురు. ఆ అనుమతి గల్ఫు మొదలగు కొన్ని దేశములకు పనికి పోవువారికొరకు ఏర్పడినది. తిరుగు టిక్కెట్టు చూపి, విహారమునకు పోవుచున్నామని ఉన్నదున్నట్లు చెప్పిన చాలును. నడువలేనివారు టిక్కెట్టు కొనునప్పుడే చక్రముల కుర్చీ కావలెనని వ్రాయింపవలెను. దానికి వెల లేదు. దుబాయిలో ఒక ద్వారమునుండి మరియొకదానికి మన గ్రామమంత దూరముండవచ్చును గనుక సిగ్గుపడనక్కరలేదు.

మారిషసు గడియారము దుబాయి గడియారముతో సమానము. రెండును మనకంటె గంటన్నర వెనుక. రెండు చోట్లును ఇంచుమించు ఒకే నిలువుగీతపై నుండుటయే కారణము. మనకు ఎండకాలము ముగియు వేళకు అచ్చట చలికాలము మొదలగును. ఉగాది అచ్చట ప్రభుత్వపు సెలవుదినము. రాజధానియైన పోర్టులూయీ నగరమున సముద్రపుటొడ్డున ఆప్రవాసీ ఘాటు అను పాత రాతి కట్టడముల భాగము నిలిచియున్నది. 1834 మొదలు 1920 వరకు ఒప్పందపు కూలీలుగా ఓడలలో వచ్చిన ఇంచుమించు అయిదు లక్షలమందిలో పెక్కురు ఆ రేవున దిగిరి. కోస్తా జిల్లాల తెలుగువారు కూడ వారిలో నుండిరి. పలువురు తిరిగి స్వదేశము చూడలేదు. మా చిన్నవాడు అచ్చటి రాతిగోడపై చేయి వేసి చాలసేపు ఊరకుండెను. వానిని నేనేమియు అడుగలేదు.

తిరుగుదారియు దుబాయి మీదుగానే. విమానము దిగి కొంతదూరము కలిసి నడచితిమి. ఒకచోట పలకపై రెండు బాణపు గుర్తులు కలవు. ఊరిలోనికి పోవువా రొకవైపు, విమానము మారువారు మరియొకవైపు. మరునాటి ఉదయము ఆరుగంటలకు వాడు పనిలో నుండవలెను. పిల్లల పాసుపోర్టులు కోడలి చేతికిచ్చి, ఏ ద్వారము కడ ఎక్కవలెనో కాగితముపై వ్రాసి నాకిచ్చి, వాడు తన వైపునకు తిరిగినాడు. మాకు హైదరాబాదు విమానమునకు ఇంకను మూడుగంటల వ్యవధి యుండెను.