ఆటపాక బోటులో మావయ్యతో అరగంట

అమెరికాలో ఉన్న మా బీటెక్ ఫ్రెండ్ ఒకడు మాంటెరే బేలో బోటెక్కి, తిమింగలం తోకెత్తిన వీడియో తీసి గ్రూపులో పెట్టాడు. కింద ‘మన దగ్గర ఇలాంటివి ఎక్కడున్నాయిరా’ అని ఒక డైలాగు. నాకు చిర్రెత్తుకొచ్చింది. సంక్రాంతికి తాడేపల్లిగూడెం రాగానే మావయ్యని బైకెక్కించుకుని ఆటపాక బయల్దేరాను.

మావయ్య అంత తేలిగ్గా రాలేదు. ‘పక్షుల్ని చూడ్డానికి డబ్బులిచ్చి వెళ్లాలా?’ అన్నాడు. ఆ మాట వెనక కథ ఉంది. కొల్లేరులో 308 చదరపు కిలోమీటర్లని 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ జాబితాలో చేరింది. 2006 నాటి ‘ఆపరేషన్ కొల్లేరు’లో లోపలి చేపల చెరువుల గట్లు కొట్టేశారు. అందులో మావయ్య వాటా చెరువూ పోయింది. తర్వాత అభయారణ్యం బయట ఇంకో చెరువు లీజుకి తీసుకున్నాడు. నా ఇంజినీరింగ్ ఫీజు కట్టింది ఆ చెరువు చేపలే. అందుకే పర్యావరణం గురించి ఆయనకి క్లాసు పీకే ధైర్యం నాకు లేదు.

భీమవరం, ఆకివీడు దాటాక రోడ్డుకి రెండు పక్కలా చెరువులే. కైకలూరు పక్కనే ఆటపాక. టికెట్ తీసుకుని అటవీశాఖ బోటెక్కాం.

నీళ్లలో వరసగా ఇనుప స్టాండ్లు. వాటి మీద పుల్లల గూళ్లు, గూళ్లలో గూడబాతులు. అదేనండీ, పెలికాన్లు. ముక్కు కింద సంచి వేలాడుతుందే, ఆ పక్షి. వాటి పక్కనే పెయింటెడ్ స్టార్క్‌లు. గూడబాతులు మామూలుగా చెట్ల మీద గుంపుగా గూళ్లు కడతాయి. 1946లో కె.కె. నీలకంఠన్ అనే పక్షి పరిశోధకుడు కొల్లేరుకి దగ్గర్లోని ఆరేడులో ఇలాంటి కాలనీ చూసి ప్రపంచానికి చెప్పాడు. అప్పట్లో అక్కడ దాదాపు 3,000 గూడబాతులు ఉండేవి. 1975 నాటికల్లా ఆ కాలనీ లేకుండా పోయింది. ఇప్పుడు ఆటపాకలో చెట్లు చాలక ఇనుప స్టాండ్లు వేస్తే, వాటినే ఇల్లనుకుని సర్దుకుపోతున్నాయి.

బోటులో ఒకాయన సెల్ఫీ స్టిక్ బయటికి తీసి, ‘ఇంకొంచెం దగ్గరికి పోనివ్వు బాబూ’ అన్నాడు. బోటు నడిపే అతను ఇంజిన్ ఆపేశాడు. ‘పోకూడదండి. తల్లి బెదిరి లేచిందంటే పిల్లలు ఎండకి మాడిపోతాయండి, కాకులు గుడ్లెత్తుకుపోతాయండి’ అన్నాడు. అమెరికాలో తిమింగలాలకి కనీసం వంద గజాల దూరంలో ఉండమంటారు. ఎక్కడైనా రూలు ఒకటే. మనం వాటింటికి చుట్టాలుగా వెళ్లాం, ఓనర్లుగా కాదు.

ఇంజిన్ ఆగాక ఒక్కసారిగా పిల్లల గోల వినబడింది. అందాకా మోటారు చప్పుడులో అది తెలియనే లేదు.

‘మన చెరువుల మీద పడి మేసేసే దొంగలు ఇవేరా’ అని మావయ్య గొణిగాడు. ఇంతలో ఒక పెద్ద పక్షి వచ్చి వాలింది. పిల్ల దాని ముక్కు సంచిలోకి తల మొత్తం దూర్చేసి చేపలు లాక్కుంటోంది. మావయ్య ముందుకి వంగాడు. ‘మేత బస్తా దగ్గర చేపలు మూగినట్టే ఉందిరా అల్లుడూ!’

అప్పుడే ఆయన ఫోన్ మోగింది. చెరువు నుంచి. ఎప్పుడైనా రెండో రింగుకే ఎత్తే మనిషి, కట్ చేసి సైలెంట్‌లో పెట్టాడు.

‘ఏంటి మావయ్యా?’

‘మేత టైమురా. మన చెరువు దగ్గరైనా మేత టైములో ఎవర్నీ గోల చెయ్యనివ్వం కదా.’

ఆ ఇరవై సెకన్ల వీడియో గ్రూపులో పెట్టాను. అందులో తిమింగలం లేదు. పిల్లల గోల మాత్రం బాగా వినబడుతుంది.

వెళ్లాలనుకుంటే: నవంబరు నుంచి మార్చి దాకా మంచి సీజన్. పొద్దున్నే గానీ, సాయంత్రం గానీ వెళ్లండి. గుడివాడ–భీమవరం లైన్లో కైకలూరు స్టేషన్లో దిగొచ్చు, ఏలూరు నుంచి బస్సులో కూడా రావొచ్చు. బైనాక్యులర్స్ ఉంటే తెచ్చుకోండి. స్పీకర్‌లో పాటలు మాత్రం ఇంటి దగ్గరే వదిలేసి రండి.