కేబుల్ తీయించేస్తే సరిపోతుందా?

వరంగల్ మండీబజారులో ఇషా నమాజు చేసుకుని ఇంటికి మళ్లే వేళ ఈ మధ్య తరచుగా వినబడుతున్న మాట ఒకటుంది. "కేబుల్ తీయించేశాం భాయ్. పిల్లలంతా ఫోన్లలోనే చూస్తున్నారు, నెలనెలా డబ్బు దండగ." ఒక ఖర్చు తగ్గిందని, దానితోపాటే ఒక ఫిత్నా కూడా గడప దాటిందని చెప్పేవారికి తృప్తి. ఖర్చు మాట అలా ఉంచి, రెండో మాట దగ్గర మనం కాస్త ఆగాలి.

దూరదర్శన్ ఒక్కటే ఉన్న ఇళ్లకు 1991 తర్వాత ఉపగ్రహ ఛానెళ్లు వచ్చాయి. 1995లో జెమినీ, ఈటీవీ, 2001లో ఈటీవీ ఉర్దూ మొదలయ్యాయి. టీవీ ఉండాలా వద్దా అని మన పెద్దలు ఆనాడు ఎంతగానో వాదించుకున్నారు. చివరకు వార్తల పేరుతోనో, క్రికెట్ పేరుతోనో పెట్టె వచ్చి హాల్లో కూర్చుంది. అది హాల్లో కూర్చోవడమే మనకు మేలు చేసింది. అబ్బా చెప్పుల చప్పుడు వినబడితే పిల్లలు ఛానెల్ మార్చేవారు. నానీ ఒక్కసారి దగ్గితే చాలు, తెర మీది పాట ఆగిపోయేది. కేబుల్ అతను కూడా గల్లీ మనిషే. లోకల్ ఛానెల్లో రాత్రి వేసిన సినిమా బాగాలేకపోతే, మర్నాడు డబ్బులకు వచ్చినప్పుడు గుమ్మంలోనే నిలదీసేవాళ్లం. సంజాయిషీ చెప్పుకోక అతనికి తప్పేది కాదు.

2016 సెప్టెంబరులో జియో వచ్చాక డేటా చవకైంది. 2019 ఫిబ్రవరిలో ట్రాయ్ కొత్త ధరల పద్ధతి అమలులోకి వచ్చి, 100 ఉచిత ఛానెళ్లకే పన్నుతో కలిపి 153 రూపాయల 40 పైసల దాకా, పే ఛానెళ్లకు పైన వేరుగా చెల్లించవలసి వచ్చింది. మరుసటి ఏడు తెలుగువారి కోసమే 'ఆహా' మొదలైంది. అదే 2020 లాక్‌డౌన్‌లో మసీదులు మూతపడి, మక్కాలో 10 రకాతులకు కుదించిన తరావీహ్‌ను మనం ఫోన్లలో చూసి కన్నీరు పెట్టుకున్నాం. ఫోను మన ఇళ్లలో మంచి కోసమూ వాడబడింది, కాదనడం లేదు. దేశంలో డీటీహెచ్ చందాదారులు 2021లో సుమారు 7 కోట్లుంటే, 2025 మార్చి నాటికి 5.7 కోట్లకు దిగారు. కేబుల్‌దీ ఇదే దారి.

పొదుపు లెక్క కూడా అంత సూటిగా లేదు. ఇంట్లో నాలుగు ఫోన్ల రీఛార్జి, బ్రాడ్‌బ్యాండ్ బిల్లు, రెండు మూడు యాప్‌ల చందా కలిపి చూడండి. కేబుల్ అతనికి ఇచ్చినదే చవకనిపించవచ్చు.

ఇంటి యజమాని తన ఇంటివారి విషయంలో జవాబుదారుడని దైవప్రవక్త (స) బోధించారు. ఒకప్పుడు ఆ భారంలో కొంత గల్లీ మోసింది. ఇప్పుడు పదమూడేళ్ల అబ్బాయి తలుపు వేసుకుని, చెవులకు ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఏం చూస్తున్నాడో పక్క గదిలోని అమ్మీకే తెలియదు. 2021 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం తెచ్చిన నిబంధనల ప్రకారం ఓటీటీ యాప్‌లు తమ కార్యక్రమాలను 7, 13, 16 ఏళ్ల వయసులను బట్టి విభజించి చూపాలి. 13 ఏళ్లు, ఆపై వర్గాలవాటికి పెద్దలు తాళం వేసుకునే వీలు ఇవ్వాలి. ఆ తాళం మనలో ఎందరం వేశాం? చాలా ఇళ్లలో దాని రహస్య సంఖ్య పెట్టి ఇచ్చినవాడు ఆ పిల్లవాడే! యూట్యూబ్‌లో ఎవరుపడితే వారు ఎక్కించే వీడియోలకు ఈ విభజన కూడా లేదు.

కేబుల్ తీయించదలచినవారు ముందు పాత బకాయి తీర్చండి, పెట్టె తిరిగి ఇవ్వండి, అతన్ని పిలిచి ముఖాముఖి చెప్పండి. ఫోన్ ఎత్తకుండా తప్పించుకోవడం మన పద్ధతి కాదు. పొరుగువాని హక్కు మనపై ఉంది. పైగా ఇంటర్నెట్ కూడా ఇస్తున్న ఆపరేటర్లు చాలామంది ఉన్నారు. ముందుగా అతన్నే అడిగితే ఆ కుటుంబానికి ఆధారం నిలుస్తుంది.

మాకు తెలిసిన ఒక ఇంట్లో కేబుల్ తీసేశాక, ఉర్దూ వార్తలు చూసే నానీకి మనవడి ఫోనే దిక్కయింది. అతను చూడడం అయిపోయాక ఆమె వంతు. అప్పటికి ఆమెకు నిద్ర వచ్చేది. రెండు నెలలు చూసి కొడుకు ఇంటర్నెట్‌ను హాల్లోని టీవీకే కలిపాడు. ఇషా తర్వాత పిల్లల ఫోన్లు నానీ మంచం పక్కనున్న గూట్లో ఉండాలన్నాడు. మొదటి వారం మనవడు అలిగాడు. ఇప్పుడు రిమోట్ మీద ఏ బటన్ నొక్కితే వార్తలు వస్తాయో నానీకి అతనే నేర్పుతున్నాడు.