ఇంజను ఆయిలు ఎటు పోతోంది?

కారు కింద ఒక్క చుక్కయినా కారదు. అయినా డిప్‌స్టిక్‌పై ఆయిలు మట్టం నెలనెలా దిగుతూనే ఉంటుంది. అటువంటప్పుడు చాలామంది మరింత చిక్కని ఆయిలు పోయిస్తారు. రోగం ఒకటైతే మందు మరొకటన్నమాట!

సిలిండరు గోడలకంటిన ఆయిలును గీకి కిందికి దింపడం పిస్టన్ రింగుల పని. వేడికి ఆయిలులోని తేలికపాళ్ళు ఆవిరవుతాయి. మిగిలినది మాడి రింగుల గాళ్ళలో బొగ్గుగా పేరుకొంటుంది. రింగులు బిగుసుకొన్నకొద్దీ ఆయిలు మరింత కాలుతుంది, బొగ్గు మరింత పెరుగుతుంది. ఆ ఆవిరి గాలితోపాటు ఇన్‌టేక్ వాల్వులకూ చేరుతుంది. పెట్రోలును నేరుగా సిలిండరులోకే చిమ్మే ఇంజన్లలో ఆ వాల్వులను కడిగేదేదీ లేదు గనుక మసి అక్కడే గట్టిపడుతుంది.

కనుక చిక్కదనం కారు పుస్తకంలో సూచించినదే ఉండాలి. ఎంచవలసినది నోయాక్ అంకెను చూసి. ఆయిలును 250 డిగ్రీల సెల్సియస్ వద్ద గంటసేపు ఉంచితే ఎంత శాతం ఆవిరవుతుందో తెలిపే పరీక్ష అది. 2020లో అమలులోకి వచ్చిన ఇల్‌శాక్ జీఎఫ్-6 ప్రమాణం 15 శాతం దాకా అనుమతిస్తుంది; మేలైన సింథటిక్ ఆయిళ్ళలో పదికి లోపువీ ఉన్నాయి. ఈ అంకె సాధారణంగా డబ్బాపై కనబడదు, తయారీదారు వివరపత్రంలో వెదకాలి.

ఇప్పటికే బిగుసుకొన్న రింగులను ఏ ఆయిలూ ఒక్కరోజులో విడిపించలేదు. ఎర్ర దీపం వెలిగేది ఆయిలు ఒత్తిడి పడిపోయిన తరువాతనే. దూరప్రయాణానికి ముందు డిప్‌స్టిక్ తీసి చూడక తప్పదు.