నీడపట్టున పొద బిగోనియా

పెరడంతయు నీడ, అచ్చట పూలమొక్క బ్రతుకదని నిరాశపడి, ఉన్న చెట్టును నరికించువారు కలరు. అట్టివారు అల్లూరి సీతారామరాజు జిల్లాలోని పెదబయలు ప్రాంతపు కాఫీ తోటలను ఒకమారు చూడవలెను. పొడవైన సిల్వర్ ఓక్ చెట్ల క్రింద కాఫీ మొక్కలు పచ్చగా పెరుగుచుండును. అచ్చటి నీడ చీకటి కాదు. ఆకుల సందులనుండి వెలుగు జారుచుండును. రాలిన ఆకులు చివికి నేల మెత్తనై యుండును. వాన కురిసినను నీరు వాలున దిగిపోవును. ఈ మూడు వసతులను కల్పించినచో పొద బిగోనియా మీ యింట చక్కగా పెరుగును.

బిగోనియాలలో 2,000కు పైగా జాతులు కలవు. మిషెల్ బెగాన్ అను ఫ్రెంచి అధికారి పేరిట షార్ల్ ప్లూమియే ఈ మొక్కకు పేరు పెట్టెను. 1753లో లిన్నేయస్ ఆ పేరును స్వీకరించెను. పొద రకములకు మొదటినుండి అనేక కాండములు లేచి గుబురుగా అల్లుకొనును. బ్రెజిలు దేశపు షార్ఫీ, మెటాలికా ఇట్టివి. ఆకు నడిమి ఈనెకు ఒక ప్రక్క పెద్దదిగా, మరియొక ప్రక్క చిన్నదిగా నుండుట చూచి బిగోనియాను గుర్తింపవచ్చును.

తోటమన్ను, చివికిన ఆకుల ఎరువు, ఇసుక సమపాళ్ళలో కలిపి, అడుగున రంధ్రమున్న కుండీలో నింపవలెను. కుండీ మరీ పెద్దదైనచో తడి ఆరక వేళ్ళు కుళ్ళును. ఇచ్చటనే చాలమంది పొరపడుదురు. వేళ్ళు కుళ్ళిన మొక్కయు దప్పిగొన్న దానివలెనే వాడిపోవును. అది చూచి జాలిపడి మరల నీరు పోయుదురు, మొక్క చచ్చును. కావున చూపుడువ్రేలు మట్టిలో గ్రుచ్చి, పైన అంగుళము మేర ఆరినదని తెలిసిన పిదపనే నీరు పోయవలెను. గాలి ఆడనిచో బూడిద తెగులు సోకవచ్చును.

ఉదయపు లేతయెండ మంచిది. మధ్యాహ్నపు ఎండ ఆకులను మాడ్చును. కోస్తా ప్రాంతమువారు వేసవి వడగాలి తగులని ఉత్తరపు వసారాలో ఉంచవలెను. పెదబయలువంటి మన్యసీమలలో డిసెంబరు, జనవరి రాత్రుల చలికి కుండీని చూరు క్రిందికి చేర్పవలెను. 10 డిగ్రీలకు దిగువ చలిని ఈ రకములు సరిగా ఓర్వలేవు.

కొనలు త్రుంచుచుండిన పొద గుబురెక్కును. రెండు మూడు కణుపులున్న కొమ్మ ముక్కను తడి ఇసుకలో నాటి నీడను ఉంచినచో కొన్ని వారములలో వేళ్ళు వచ్చును. ఆ పిల్లమొక్కను పొరుగింటివారికి ఇచ్చునపుడు, నీరు పోయు పద్ధతిని కూడ తప్పక చెప్పుడు.